సౌర్ గుహ నుంచి ఖుబా దాకా: ఒక ‘హిజ్రత్ జియారత్’ సేవ గురించి

ఉమ్రాకు వెళ్లేవారికి మక్కా, మదీనాల్లోని చారిత్రక స్థలాలు చూపించే జియారత్ బస్సులు కొత్త కాదు. ట్రావెల్స్ వాళ్లందరూ ప్యాకేజీలోనే మక్కాలో ఒక పూట, మదీనాలో ఒక పూట ఈ బస్సు కలిపి ఇస్తారు. మేము గత శీతాకాలంలో వెళ్లినప్పుడు మాత్రం, మమ్మల్ని తీసుకువెళ్లిన సంస్థ దీనికి అదనంగా ‘హిజ్రత్ జియారత్’ అనే రెండు రోజుల కార్యక్రమం ఒకటి ఉందని చెప్పింది. దైవప్రవక్త ముహమ్మద్ (స: ఆయనకు శాంతి కలుగుగాక) 622లో మక్కా విడిచి యస్రిబ్‌కు, అంటే నేటి మదీనాకు, వలస వెళ్లిన క్రమంలోనే ముఖ్యమైన స్థలాలు చూపిస్తారని, ఎక్కడికక్కడ జరిగినదాన్ని తెలుగులో వివరిస్తారని, చదువుకోవడానికి ఒక చిన్న తెలుగు పుస్తకం కూడా ఇస్తారని, రెండు పట్టణాల మధ్య ప్రయాణం బస్సులో కాక హరమైన్ రైలులో ఉంటుందని వాళ్ల మాట. రైలు టికెట్టు కాక మనిషికి 180 రియాళ్లు తీసుకున్నారు. సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు. ఇలాంటి సేవలు ఇప్పుడు చాలామంది మొదలుపెడుతున్నారు గనుక, డబ్బు కట్టే ముందు ఏమి అడిగి తెలుసుకోవాలో చెప్పడానికి మా అనుభవం పనికివస్తుందని రాస్తున్నాను.

మా బృందంలో 31 మందిమి ఉన్నాము. ప్రకాశం, బాపట్ల, గుంటూరు జిల్లాల వాళ్లమే ఎక్కువ. వారిలో సగానికి పైగా నూర్‌బాషా కుటుంబాల వారు. ఇంట్లో తెలుగు తప్ప మరో భాష లేనివారు. నేను ముప్పై ఏళ్లు హైస్కూల్లో సాంఘికశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి. 622లో హిజ్రత్ జరిగిందని, అక్కడి నుంచి హిజ్రీ శకం మొదలైందని రెండు వాక్యాల్లో పిల్లల చేత బట్టీ పట్టించి మరుసటి పాఠానికి వెళ్లిపోయిన పాపం నాది కూడా ఉంది. ఆ రెండు వాక్యాల వెనుక ఉన్న నేలను కళ్లతో చూడాలన్న ఆశే నన్ను ఈ సేవకు డబ్బు కట్టించింది. అందువల్ల నా అంచనా కొంచెం ఎక్కువగానే ఉండి ఉండవచ్చు.

మొదటి రోజు తెల్లవారుజామున ఫజ్ర్ నమాజు కాగానే బస్సు బయలుదేరింది. వేళ తప్పకుండా బయలుదేరినందుకు సంస్థను మెచ్చుకోవాలి. మొట్టమొదట సౌర్ కొండ దగ్గరకు తీసుకువెళ్లారు. కాబా ఉన్న మస్జిదుల్ హరామ్‌కు దక్షిణాన కొద్ది కిలోమీటర్ల దూరంలో, ఎండిన రాళ్ల గుట్టగా నిలబడి ఉండే ఈ కొండ పైభాగంలోనే ప్రవక్త (స), ఆయన సహచరులు అబూబక్ర్ (రజి: అల్లాహ్ ఆయన పట్ల ప్రసన్నుడగుగాక) మూడు రాత్రులు తలదాచుకున్న గుహ ఉంది. కొండ ఎక్కడం ఆరాధనలో భాగం కాదని చెప్పే బోర్డు కింద ఉంది, అది చదివి ఎక్కడం ఎక్కకపోవడం ఎవరి ఇష్టం వారిదని మా గైడు చెప్పాడు. అంతవరకు సరే. కానీ ఎక్కి దిగడానికి అతను ఇచ్చిన వ్యవధి రెండు గంటలు. కుర్రవాళ్లకు కూడా పైకి వెళ్లడానికే గంటన్నర పట్టే కొండ అది. వెళ్లిన ఆరుగురిలో నలుగురు సగం దారి నుంచే వెనక్కి వచ్చారు, మిగిలిన ఇద్దరి కోసం బస్సంతా ఎండలో ఎదురుచూసింది. కింద కూర్చోవడానికి సరైన నీడ లేక, మరుగుదొడ్డి దగ్గరలో లేక ఆడవాళ్లు పడ్డ ఇబ్బంది వేరే చెప్పనక్కరలేదు. ఈ కొండను కార్యక్రమంలో పెట్టేవాళ్లు, ఎక్కేవారిని తెల్లవారకముందే వేరే బండిలో పంపించడం ఒక్కటే మార్గం.

సౌకర్యాల లోటు కంటే నన్ను ఎక్కువ బాధించింది ఆ కొండ కింద జరిగిన ప్రసంగం. మక్కా గైడు మంచి కంఠం ఉన్నవాడు, భక్తి ఉన్నవాడు, శ్రోతల కళ్లలో నీళ్లు తెప్పించగలవాడు. అయితే అతను చెప్పిన ముప్పావు గంటలో అరగంట సాలెపురుగు గూడు గురించీ, గుహ ముఖద్వారం దగ్గర గుడ్లు పెట్టిన పావురాల గురించే. ఖుర్ఆన్‌లో తొమ్మిదో అధ్యాయమైన తౌబాలో నలభయ్యో ఆయత్, అంటే వాక్యం, ఈ గుహను ప్రస్తావిస్తుంది. ఇద్దరిలో ఒకరు తన సహచరునితో, విచారించకు, అల్లాహ్ మనతో ఉన్నాడని చెప్పిన సందర్భం అది. అందులో సాలెగూడు లేదు, పావురాలు లేవు. ఆ కథనాల ప్రామాణికత మీద హదీసు (ప్రవక్త మాటలు, చేతల కథనాలు) పండితులలో చర్చ ఉంది. హదీసు గ్రంథమైన బుఖారీలో ఉన్న కథనం వేరు. గుహ పైన వెతుకుతూ తిరుగుతున్న మక్కా ఖురైష్ తెగ మనుషుల కాళ్లు కనిపిస్తుంటే అబూబక్ర్ (రజి) కంగారుపడి, వారిలో ఒక్కడు తన పాదాల వైపు చూసుకున్నా మనం దొరికిపోతామని అన్నారట. మూడోవాడుగా అల్లాహ్ తోడున్న ఇద్దరి గురించి నీవేమనుకుంటున్నావు అని ప్రవక్త (స) బదులిచ్చారట. భయం ఉన్న మనిషి, ఆ భయాన్ని అణచిన మాట, ఈ రెండూ ఉన్న ఈ సంభాషణ ముందు సాలెగూడు కథ నాకు చిన్నదిగానే కనిపిస్తుంది. గైడు దీన్ని చెప్పాడు, కాని బస్సు ఎక్కుతూ, చివరి నిమిషంలో చెప్పాడు.

అసలు ఆ కొండ మక్కాకు దక్షిణాన ఉందన్న సంగతే అక్కడ నిలబడి చెప్పవలసిన మొదటి పాఠం. యస్రిబ్ ఉత్తరాన ఉంది. వెతికేవాళ్లు ఉత్తరపు దారులన్నీ గాలిస్తారని తెలిసి, వెళ్లవలసిన దిక్కుకు వీపు పెట్టి ఇక్కడికి వచ్చారు. హిజ్రత్ అనే మాటకు పలాయనం అని అర్థం చెప్పేవారు ఉన్నారు. అరబ్బీలో ఆ ధాతువుకు తెంచుకోవడం, విడిచిపెట్టడం అని అర్థం. పారిపోయేవాడు చేతికి దొరికిన దారిన పరుగెత్తుతాడు. ఇక్కడ జరిగినదంతా నెలల తరబడి చేసిన ఏర్పాటు. అబూబక్ర్ (రజి) రెండు ఒంటెలను కొని నాలుగు నెలల పాటు ఆకు మేపి సిద్ధంగా ఉంచారు. వాటిలో ఒకదాన్ని ఊరికే తీసుకోవడానికి ప్రవక్త (స) ఒప్పుకోలేదు, ధర చెల్లిస్తేనే ఎక్కుతానన్నారు. అబూబక్ర్ కొడుకు అబ్దుల్లాహ్ పగలంతా మక్కాలో తిరిగి, ఎవరేమనుకుంటున్నారో విని, రాత్రి గుహకు వచ్చి చెప్పేవాడు. అబూబక్ర్ (రజి) బానిసత్వం నుంచి స్వతంత్రుణ్ణి చేసిన ఆమిర్ బిన్ ఫుహైరా మేకల మందను అటు తోలుకువచ్చి పాలు ఇచ్చేవాడు, ఆ మంద నడిచిన దారిలో మనుషుల అడుగుజాడలు చెరిగిపోయేవి. కూతురు అస్మా తన నడికట్టును రెండుగా చింపి ప్రయాణానికి కావలసిన తిండి మూట కట్టింది. తండ్రి ఇంట్లోని సొమ్మంతా పట్టుకుపోయాడేమోనని కళ్లు కనిపించని తాత అబూఖుహాఫా బెంగపడితే, డబ్బు పెట్టే గూట్లో రాళ్లు పెట్టి పైన గుడ్డ కప్పి ఆయన చేయి పట్టుకుని తడిమించింది కూడా ఈ అస్మాయే. ఇక దారి చూపించడానికి కుదుర్చుకున్న అబ్దుల్లాహ్ బిన్ ఉరైఖిత్ ముస్లిం కాదు. ప్రవక్తను (స) పట్టిస్తే 100 ఒంటెలిస్తామన్న ఖురైష్ బహుమతి ప్రలోభం అతని ముందు కూడా వేలాడుతున్న రోజులవి, అయినా ఇచ్చిన మాట ప్రకారం మూడో రాత్రి గడిచాక ఒంటెలతో కొండ దగ్గరకు వచ్చాడు. మా బస్సులోని వారికి ఈ పేర్లలో ఒక్కటైనా చెప్పి ఉంటే, కింద కూర్చుని ఉన్న ఆడవాళ్లకు ఆ కొండ తమకు కూడా సంబంధించినదని తోచి ఉండేది.

తరువాత మినా మీదుగా వెళ్లాము. హజ్జ్‌లో రాళ్లు విసిరే జమరాత్‌కు దగ్గరలోనే, అబ్బాసీ ఖలీఫా మన్సూర్ కట్టించిన పాత మస్జిదె బైఅత్ బస్సు కిటికీలోంచి ఒక్క క్షణం కనిపించి దాటిపోయింది. హిజ్రత్‌కు అసలు పునాది పడింది అఖబా అనే ఆ చోటే. 621లో యస్రిబ్ నుంచి వచ్చిన 12 మంది అక్కడ ప్రవక్త (స) చేతిలో చేయి వేసి మాట ఇచ్చారు. ముస్అబ్ బిన్ ఉమైర్ (రజి) వారితో వెళ్లి ఏడాది పాటు ఖుర్ఆన్ నేర్పారు. మరుసటి ఏడు హజ్జ్ కాలంలో 73 మంది పురుషులు, ఇద్దరు స్త్రీలు రాత్రి వేళ చడీచప్పుడు లేకుండా వచ్చి, తమ ఊరికి వస్తే తమ భార్యాబిడ్డలను కాపాడుకున్నట్టే కాపాడతామన్నారు. హిజ్రత్ దారి చూపిస్తామన్నవాళ్లు ఆ దారి మొదలైన చోట బస్సు ఆపకపోవడం నాకు అర్థం కాలేదు. అడిగితే పార్కింగ్ లేదన్నాడు డ్రైవరు. నిజమే కావచ్చు. నోటితో చెప్పడానికి పార్కింగ్ అక్కరలేదు కదా.

తన్‌ఈమ్ దగ్గర మాత్రం బస్సు ఆపారు. మరోసారి ఉమ్రా చేయాలనుకునేవారు ఇహ్రామ్ ధరించడానికి వెళ్లే మస్జిదె ఆయిషా ఉన్న చోటు అది. అందరూ స్నానాల గదుల కోసం, ఇహ్రామ్ దుకాణాల కోసం తొందరపడుతుంటే నాకు గుర్తుకువచ్చింది ఉమ్మె సలమా (రజి). భర్త అబూసలమాతో, చంటిబిడ్డతో ఒంటె మీద యస్రిబ్‌కు బయలుదేరిన ఆమెను పుట్టింటి తెగవాళ్లు అడ్డుకుని లాక్కున్నారు. అది చూసి భర్త తెగవాళ్లు బిడ్డ మాదంటూ మరోవైపు నుంచి లాగారు, ఆ పెనుగులాటలో పిల్లవాడి చేయి కీలు తప్పింది. భర్త ఒక్కడే వెళ్లిపోయాడు. ఇంచుమించు ఏడాది పాటు ఆమె రోజూ పొద్దున్నే అబ్తహ్ మైదానానికి వెళ్లి సాయంత్రం దాకా ఏడుస్తూ కూర్చునేది. చివరికి ఒక బంధువు జాలిపడి మాట్లాడితే ఆమెను వదిలేశారు, బిడ్డను కూడా ఇచ్చారు. తోడు లేకుండా ఒంటె ఎక్కి ఆమె వచ్చింది ఈ తన్‌ఈమ్‌కే. అక్కడ ఎదురైన ఉస్మాన్ బిన్ తల్హా అప్పటికి ఇస్లాం స్వీకరించినవాడు కాదు. అయినా ఒంటరి ఆడమనిషిని అలా పంపడం మర్యాద కాదనుకుని ఒంటె ముక్కుతాడు పట్టుకున్నాడు. మజిలీ వచ్చినప్పుడల్లా ఒంటెను కూర్చోబెట్టి తాను దూరంగా చెట్టు కిందకు వెళ్లిపోతూ, మళ్లీ బయలుదేరే వేళకు వచ్చి, మదీనా శివారులోని ఖుబా ఊరు కనిపించేదాకా నడిపించి, నీ భర్త ఈ ఊళ్లోనే ఉన్నాడని చెప్పి వెనుదిరిగి మక్కాకు వెళ్లిపోయాడు. అంతటి మర్యాదస్తుణ్ణి తాను చూడలేదని ఆమే తరువాత చెప్పుకుంది. గైడు ఈ ఊసే ఎత్తకపోవడంతో, అక్కడ కుళాయి దగ్గర నిలబడిన నలుగురైదుగురు ఆడవాళ్లకు నేనే చెప్పాను. వారిలో ఒకావిడ చెప్పులు విడిచి ఆ నేల మీద కాసేపు ఊరికే నిలబడింది.

ఇక్కడే భాష సంగతి చెప్పాలి. తెలుగులో వివరిస్తామన్న మాట మక్కాలో నిలబడలేదు. గైడు మాట్లాడింది ఉర్దూ, అదీ అరబ్బీ, ఫారసీ పదాలు దండిగా కలిసిన సభల ఉర్దూ. హైదరాబాదు వైపు నుంచి వచ్చిన రెండు కుటుంబాలు తప్ప మిగిలినవారు ముఖాలు చూసుకుంటూ కూర్చున్నారు. ముస్లిం అంటే ఉర్దూ వచ్చి తీరుతుందన్న అభిప్రాయం మన ట్రావెల్స్ వాళ్లలో ఎంత గట్టిగా పాతుకుపోయిందంటే, మా ఇళ్లలో తరతరాలుగా తెలుగే మాట్లాడతామని చెబితే సంస్థ ప్రతినిధి నన్ను సందేహంగా చూశాడు. రెండో స్థలం నుంచి మైకు నేను అడిగి తీసుకుని, అతను చెప్పినదాన్ని తెలుగులో చెప్పాను. దానికి గైడు నొచ్చుకోలేదు, అది అతని మంచితనం. కాని 180 రియాళ్లు కట్టి దుబాసీ పని చేయడం ఎవరికి మాత్రం సరదా?

ఇచ్చిన తెలుగు పుస్తకం 24 పుటలది. అచ్చు బాగుంది, పటం స్పష్టంగా ఉంది. భాషలో అక్కడక్కడ ఉర్దూ వాక్యం తెలుగు లిపిలో నడుస్తున్నట్టుంది, అది సర్దుకోవచ్చు. సర్దుకోలేనిది మూడో పుటలోని మాట: ప్రవక్త (స) ముహర్రం ఒకటో తేదీన హిజ్రత్ చేశారు కాబట్టి హిజ్రీ సంవత్సరం ఆ రోజున మొదలవుతుందట. మన వాళ్లలో చాలామందికి ఉన్న పొరపాటే ఇది. హిజ్రత్ జరిగింది రబీవుల్ అవ్వల్ నెలలో, అంటే 622 సెప్టెంబరులో. హిజ్రీ శకం ప్రవక్త (స) కాలంలో లేదు. రెండో ఖలీఫా ఉమర్ (రజి) పాలనలో, హిజ్రత్ జరిగిన 17వ ఏట ఏర్పడింది. ఉత్తరాల మీద నెల ఉంటున్నదే గాని ఏ ఏడాదో తెలియడం లేదని అబూమూసా అష్అరీ (రజి) రాసిన దాని మీద సంప్రదింపులు జరిగి, లెక్క ఎక్కడ నుంచి మొదలుపెట్టాలన్న ప్రశ్న వచ్చింది. ప్రవక్త (స) పుట్టుక నుంచా, తొలి దైవవాణి నుంచా, మరణం నుంచా అన్న ఆలోచనలు వదిలి హిజ్రత్ జరిగిన ఏడాదిని ఎంచుకున్నారు. ఆ ఏడాదిలోని మొదటి నెలగా అరబ్బులకు అలవాటైన ముహర్రంనే ఉంచారు. అఖబాలో మాట ఇచ్చిపుచ్చుకోవడం హజ్జ్ నెలలో జరిగింది గనుక, వలస సంకల్పం కలిగాక కనిపించిన మొదటి నెలవంక ముహర్రంది అని పండితులు చెప్పే సమర్థన కూడా ఉంది. ఆ లెక్కన శకం ఆరంభం 622 జూలై 16కు పడుతుంది. మా ఊళ్లలో ముహర్రం అంటే పీర్ల పండుగ, గుండం, డప్పులు. కొత్త సంవత్సరం అనే ఊహే మా పెద్దలకు ఉండేది కాదు. కర్బలా శోకం నిండిన నెలలో ఈ క్యాలెండరు సంగతి వెనకపడటం సహజమే. అందుకే పుస్తకం అచ్చువేసేవాళ్లు ఈ ఒక్క చోట ఇంకాస్త జాగ్రత్తగా ఉండవలసింది.

అదే పుస్తకంలో హబషా (నేటి ఇథియోపియా వైపు) వలస గురించి ఒక్క వాక్యమే ఉంది. మదీనాకు ఏడేళ్ల ముందే, 615 ప్రాంతంలో, మక్కా హింస తాళలేక 15 మంది వరకు, ఆ తరువాత 80 మందికి పైగా సముద్రం దాటి ఆఫ్రికా తీరానికి వెళ్లారు. ఎవరికీ అన్యాయం జరగనివ్వని రాజు అక్కడ ఉన్నాడని పంపించింది ప్రవక్తే (స). ఆ రాజు నజ్జాషీ క్రైస్తవుడు. ఖురైష్ పంపిన అమ్ర్ బిన్ ఆస్ కానుకలతో వచ్చి వీళ్లను అప్పగించమన్నప్పుడు, రాజు సభలో జాఫర్ బిన్ అబూతాలిబ్ (రజి) లేచి ఖుర్ఆన్‌లోని మర్యం అధ్యాయం చదివి వినిపించారు. రాజు వారిని అప్పగించలేదు. ఇస్లాం చరిత్రలో తొలి హిజ్రత్ ఇదే. ముస్లింలు శరణార్థులుగా మరొక మతం వారి నీడన బతికిన చరిత్ర అది. మదీనా హిజ్రత్ రాజ్యానికి దారి తీసింది గనుక అందరూ దాన్నే చెబుతారు. మైనారిటీలుగా ఉన్న మా వంటి వారికి హబషా కథ మరింత దగ్గరిది అని నా అభిప్రాయం.

రైలు ప్రయాణం గురించి ఎక్కువ రాయవలసింది లేదు. 2018లో మొదలైన ఈ హరమైన్ రైలు గంటకు 300 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది, సుమారు 450 కిలోమీటర్ల దారిని రెండుంపావు గంటల్లో దాటించింది. సీట్లు శుభ్రంగా ఉన్నాయి, సామాను పెట్టుకునే చోటు మాత్రం జమ్‌జమ్ డబ్బాలతో వచ్చే మన వాళ్లకు సరిపోదు. వారం రోజులకు పైగా పట్టిన ప్రయాణం, రాత్రిళ్లు నడిచి పగళ్లు రాతి నీడల్లో దాగిన ప్రయాణం, టీ చల్లారేలోగా అయిపోయిందనిపిస్తుంది. అదృష్టవశాత్తూ రైలు కూడా జిద్దా వైపు తీరానికి దిగి, తరువాత ఉత్తరానికి మళ్లుతుంది. ఉరైఖిత్ కూడా వారిని మామూలు దారి వదిలి తీరం వైపుగానే నడిపించాడు. ఖుదైద్ ప్రాంతంలోనే బహుమతి ఆశతో వెంటపడిన సురాఖా అనే అతని గుర్రం కాళ్లు ఇసుకలో దిగబడ్డాయి, అక్కడే ఉమ్మె మఅబద్ అనే ఆమె గుడారం దగ్గర వట్టిపోయిన మేక పాలు ఇచ్చింది. రైలులో గైడు ఎవరూ మాతో లేరు. కిటికీ పక్కన పటం పెట్టుకుని నేను చూసుకున్నది అంతే.

మదీనాలో దిగగానే సేవ రంగు మారిపోయింది. అక్కడ మమ్మల్ని అందుకున్న గైడు మదీనాలో చదువుకుంటున్న యువకుడు, మాట రాయలసీమ తెలుగు. మొదటి రోజు జరిగినదంతా విని క్షమించమని అడిగి, మక్కాలో ఏమేమి చెప్పలేదో నన్ను అడిగి తెలుసుకుని, ఖుబా దారిలో అవన్నీ పది నిమిషాల్లో క్లుప్తంగా అందరికీ చెప్పాడు. ఖుబాలో అతను చేసిన పని నాకు బాగా నచ్చింది. ప్రవక్త (స) అక్కడ ఎన్ని రోజులు ఉన్నారన్న దానిమీద తొలి చరిత్రకారుడు ఇబ్ను ఇస్‌హాఖ్ నాలుగు రోజులంటే, బుఖారీలోని అనస్ (రజి) కథనం పద్నాలుగు రాత్రులంటున్నదని రెండూ చెప్పి, తనకు రెండోది బలంగా తోస్తుందని ఎందుకో వివరించాడు. భక్తులకు సందేహాలు చెప్పకూడదనుకునే గైడులే ఎక్కువ. ఇతను చెప్పినందువల్ల ఎవరి విశ్వాసమూ తగ్గలేదు, పైగా వెనుక సీట్లలో నిద్రపోయేవాళ్లు కూడా ముందుకు వచ్చి కూర్చున్నారు. ఇంట్లో వుజూ చేసుకుని వచ్చి ఖుబాలో నమాజు చదివితే ఉమ్రా పుణ్యమన్న హదీసు చెప్పి, అందుకు చాలినంత సమయం ఇచ్చాడు. అక్కడి నుంచి దగ్గరలోనే ఉన్న మస్జిదె జుముఅహ్ చూపించాడు. బనూసాలిం వారి వాడలో ప్రవక్త (స) శుక్రవారపు నమాజు చేయించిన చోటది.

మస్జిదె నబవీ, అంటే ప్రవక్త మస్జిదు, ఆవరణలో ఒక స్తంభం నీడన కూర్చోబెట్టి అతను చెప్పిన గంటసేపటి మాటల కోసమే ఈ సేవకు డబ్బు కట్టవచ్చు. ఖస్వా అనే ఆడ ఒంటె ఎక్కడ కూర్చుంటే అక్కడ దిగుతానని ప్రవక్త (స) చెప్పడం, అది సహ్‌ల్, సుహైల్ అనే ఇద్దరు తండ్రిలేని పిల్లల ఖర్జూరాలు ఆరబోసే కళ్లంలో కూర్చోవడం, వాళ్లు ఊరికే ఇస్తామన్నా వినకుండా వెల చెల్లించి ఆ స్థలం తీసుకుని మస్జిదు కట్టడం, అది పూర్తయ్యేదాకా అబూఅయ్యూబ్ (రజి) ఇంట్లో ఉండటం, ఇవన్నీ అందరికీ తెలిసినవే. అతను నిలిచింది వలస వచ్చినవారి బతుకు మీద. మక్కా వాళ్లు వ్యాపారులు, వ్యవసాయం తెలియదు. ఇల్లూ వాకిలీ వదిలి వచ్చినవారు. సుహైబ్ రూమీ (రజి) లాంటివారు మక్కాలో సంపాదించినదంతా అక్కడే వదిలితేనే కదలనిచ్చారు. మదీనా అన్సార్లు, అంటే వారిని చేర్చుకున్న ఊరివారు, తమ ఖర్జూర తోటలు సగం పంచి ఇస్తామంటే ప్రవక్త (స) వద్దన్నారు. వచ్చినవారు తోట పని చేయడం, పంటలో భాగం తీసుకోవడం అన్న ఏర్పాటు కుదిరింది. మా వైపు పాలికి చేయడం అంటారే, దాదాపు అలాంటిది. ఒక్కో ముహాజిర్‌కు, అంటే వలస వచ్చినవారికి, ఒక్కో అన్సారీని సోదరునిగా కలిపారు. ఆ సోదరత్వం మొదట వారసత్వ హక్కు దాకా వెళ్లింది, తరువాత ఖుర్ఆన్ ఆయత్ ద్వారా ఆ హక్కు రక్తబంధువులకే పరిమితమయింది. సఅద్ బిన్ రబీ (రజి) తన ఆస్తిలో సగం ఇస్తానంటే అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) ఆయన కోసం దువా (ప్రార్థన) చేసి, అంగడి ఎక్కడో చూపించమన్నారు. జున్ను, నెయ్యి అమ్ముకుని నిలదొక్కుకున్నారు. ఇది చెబుతున్నప్పుడు మా బృందంలోని ఒక వ్యాపారి, అంగడి చూపించమన్నాడంటే మనిషి నికార్సైనవాడు అని పైకే అన్నాడు.

అంతా సంబరంగానే సాగలేదని కూడా చెప్పాడు. మదీనా గాలి పడక అబూబక్ర్, బిలాల్ (రజి) జ్వరపడ్డారు. మక్కాలో బానిసగా ఎండలో రాళ్ల కింద నలిగిన బిలాలే, ఆ జ్వరంలో మక్కా లోయను, అక్కడ మొలిచే గడ్డిని, నీటి చెలమలను మళ్లీ చూస్తానా అని పద్యం పాడుకున్నాడు. హింసించిన ఊరు కూడా సొంత ఊరే. ప్రవక్త (స) మక్కా వదులుతూ వెనుదిరిగి చూసి, నీ వాళ్లు నన్ను వెళ్లగొట్టకపోతే నిన్ను వదిలేవాణ్ణి కాదన్నారు. బిలాల్ బెంగ తెలిసి, మక్కాను ప్రేమించినట్టే, అంతకన్నా ఎక్కువగా మదీనాను మాకు ప్రియం చేయమని దువా చేశారు.

అప్పుడు మా బృందంలోని ఒక పెద్దావిడ అడిగిన ప్రశ్న ఈ మొత్తం కార్యక్రమంలో నాకు బాగా గుర్తుండిపోయింది. ఆమె కొడుకు కువైట్‌లో డ్రైవరు, పదకొండేళ్లయింది వెళ్లి.

“నాయనా, మావాడు ఇల్లు వదిలి ఎడారికి పోయాడు గదా, అదీ హిజ్రత్ కిందికే వస్తుందా?”

యువకుడు వెంటనే అవుననలేదు, కాదనలేదు. “అమ్మా, మక్కా జయం తరువాత ఇక ఆ హిజ్రత్ లేదని ప్రవక్త (స) చెప్పినారు, ఉన్నది ప్రయత్నమూ నియ్యతూ, అంటే సంకల్పమూ, అన్నారు. బుఖారీ గ్రంథంలో మొట్టమొదటి హదీసు కూడా నియ్యత్ గురించే, అందులో ఉదాహరణ హిజ్రతే” అన్నాడు. అల్లాహ్ కోసం, ఆయన ప్రవక్త కోసం వలస వచ్చినవాడిది ఒకటి, లోకపు లాభం కోసమో, పెళ్లాడదలచిన స్త్రీ కోసమో వచ్చినవాడిది దాని కోసమే అన్న ఆ హదీసు మాటను వివరించి, కుటుంబాన్ని పోషించడం కోసం వెళ్లడం తప్పు కాదని, పుణ్యం కూడా ఉందని, అయితే ఆ పేరు మాత్రం వేరని మెత్తగా చెప్పాడు. అల్లాహ్ నిషేధించినదాన్ని విడిచినవాడే ముహాజిర్ అన్న మరో హదీసు కూడా చెప్పి, ఆ హిజ్రత్ ఊరు కదలకుండా కూడా చేయవచ్చన్నాడు. ఆవిడ కాసేపు ఆలోచించి, “అయితే నా కొడుకు తాగుడు మానుకుంటే అదీ హిజ్రతేనన్న మాట” అంది. ఎవరూ నవ్వలేదు. అతను తల ఊపాడు.

అణచివేత ఉన్న చోట విశ్వాసం నిలుపుకోలేక, నిస్సహాయులమన్నవారిని ఆ చోటు ఎందుకు వదిలి వెళ్లలేదని నిలదీసే ఆయత్, అల్లాహ్ భూమి విశాలం కాదా అని అడిగే ఆయత్, నిజంగా దారి లేని బలహీనులకు అందులోనే ఇచ్చిన మినహాయింపు, ఇవి కూడా అతను ముట్టుకున్నాడు. ఈ కాలపు శరణార్థుల గురించి ఒకరు అడిగితే, రాజకీయ ఉపన్యాసంలోకి జారకుండా, అన్సార్ల పక్షాన నిలబడి చూడమన్నాడు: వచ్చినవాడికి ఏమి లేదో కాదు, వచ్చినవాణ్ణి చేర్చుకునేవాడికి ఏమి ఉండాలో చూడమన్నాడు. తమకే ఇరుకుగా ఉన్నా వచ్చినవారికి పెట్టినవారని ఖుర్ఆన్ 59వ అధ్యాయం వారిని మెచ్చుకున్న సంగతి అక్కడ సరిగ్గా అతికింది.

ఇక కొనుగోలుదారుల కోసం. మదీనాలోని ఒక్క రోజు భాగాన్ని విడిగా 80 రియాళ్లకు ఇస్తారని తరువాత తెలిసింది. తెలుగు గైడు ఉంటాడని రాతపూర్వకంగా ఇస్తే నిస్సందేహంగా తీసుకోండి. మక్కా భాగం ఇప్పుడున్న రూపంలో 100 రియాళ్లకు తగదు. మోకాళ్ల నొప్పులున్నవారు సౌర్ కొండ దగ్గరకు ఆ బస్సులో వెళ్లడం కన్నా గదిలో విశ్రాంతి తీసుకోవడం మేలు. ఎక్కదలచినవారు నలుగురు కలిసి టాక్సీలో తెల్లవారుజామునే వెళ్లి, ఎండ ముదరక ముందే దిగి వస్తే ఖర్చు కూడా తక్కువే. భోజనం రెండు రోజులూ సమయానికి ఇచ్చారు. మదీనాలో పెరుగన్నం, పచ్చడి పెట్టించడం మంచి ఆలోచన. నడవలేనివారి కోసం చక్రాల కుర్చీ మదీనాలో అడిగిన వెంటనే వచ్చింది, మక్కాలో అడిగినా రాలేదు. మస్జిదె నబవీలోని రియాజుల్ జన్నా అనే భాగంలోకి వెళ్లడానికి నుసుక్ యాప్‌లో అనుమతి ఎవరిది వారే తీసుకోవాలి, ఈ సేవలో అది కలవదు. ఆ సంగతి ముందే చెప్పకపోవడంతో మాలో ముగ్గురికి ఆ రోజు అవకాశం పోయింది.

తిరిగి వచ్చాక పుస్తకంలో ముహర్రం తేదీని, మరి తొమ్మిది తప్పులను ఎర్రసిరాతో దిద్ది, అఖబాకు ఒక పుట, హబషాకు ఒక పుట రాసి జతచేసి, గుంటూరులోని వాళ్ల కార్యాలయంలో ఇచ్చాను. తీసుకున్న అబ్బాయి రెండు పుటలు తిరగేసి, తరువాతి ముద్రణలో చూస్తామండీ అన్నాడు. దిద్దిన మరో ప్రతిని నా దగ్గర ఉంచుకున్నాను.